దివిసీమ పొలం గట్టున తొలి వేట

అమెరికా పల్లెల్లో నవంబరు వచ్చిందంటే తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని జింకల వేటకు బయలుదేరతారు. ఇక్కడ అది కుదరదు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువే కృష్ణజింక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. ఆ చట్టం అంత గట్టిగా ఉండాల్సిందే. అయితే తండ్రీ కొడుకూ కలిసి వెళ్లే తొలి వేట కృష్ణా డెల్టాలోనూ ఉంది. దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు యానాది గిరిజనుల ఇళ్లల్లో పిల్లవాడు మొదట పట్టేది ఎలుకనే.

వరి పొట్ట మీద ఉండగానే ఎలుక దుబ్బు మొదలు కొరికేస్తుంది. గట్టు తొలిచి కన్నాలు పెట్టి, కంకులు కోసుకెళ్లి లోపల దాచుకుంటుంది. తండ్రి ముందు గట్టంతా నడిపించి కన్నాలు చూపిస్తాడు. "మన్ను తడిగా ఉంటే లోపలున్నట్టేరా" అంటాడు. మిగతా కన్నాలు మట్టితో మూసి, ఒకదాని దగ్గర గడ్డి నింపిన కుండ పెట్టి పొగ ఊదుతాడు. గట్టు మీద ఏ మూల సన్నగా పొగ లేచినా పిల్లవాడు పరుగెత్తి మూయాలి. ఆ తర్వాతే తవ్వకం. చేయి పెట్టే ముందు ఆగి చూడటం కూడా అప్పుడే నేర్పుతాడు. ఎలుక కన్నంలో నాగుపామూ ఉండొచ్చు మరి. లోపల దొరికిన వడ్లు ఇంటికి చేరతాయి.

బందరు, గుడివాడ వైపు రైతులకూ ఈ పనితనం తెలుసు. ఎలుకకు ఇంతని లెక్కగట్టి యానాదులను పిలిపించుకునే అలవాటు డెల్టాలో పాతదే. కానీ సర్కారు ఎలుకల నివారణ అంటే ముందుగా గుర్తొచ్చేది మందే: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్, పొట్లం కట్టి కన్నంలో పెట్టడం. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టక కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. దాన్ని పట్టుకు తిన్న గుడ్లగూబ ఒంట్లోకీ ఆ విషం చేరుతుంది. పక్కనే 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం ఉంది. 1989లో ఏర్పాటైన ఈ మడ అడవుల్లో బావురుపిల్లి బతుకుతోంది. దానికి చేపలే ప్రధానాహారమైనా ఎలుకల్నీ తింటుంది. ఇలాంటి చోట మందు చివరి అస్త్రం కావాలి, మొదటిది కాదు.

ఇలాంటి విద్యకు విలువ ఇస్తే ఏమవుతుందో చెన్నై దగ్గర ఇరులల సంగతిలో చూడండి. పాము చర్మాల వ్యాపారంపై నిషేధంతో ఉపాధి పోయిన ఆ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరులలను 2017లో ఫ్లోరిడా పిలిపించుకుంది, కొండచిలువల్ని పట్టడానికి. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అడవిలో పెద్దల వెనక తిరిగి నేర్చిన విద్యే అది. దివిసీమ యానాదికి ఉన్నదీ అటువంటి విద్యే, గుర్తింపు మాత్రం లేదు.

బడి మానిపించి పిల్లల్ని గట్ల వెంట తిప్పమని దీని అర్థం కాదు. సెలవు రోజు నాన్నతో వెళ్లే పిల్లవాడు వేరు, పూటగడవక పనికి వెళ్లే పిల్లవాడు వేరు. రెండోవాడు ఉండకూడదనుకుంటే తండ్రికి సరైన కూలి దక్కాలి. బురదలో ఎలుకజ్వరం భయం ఉంది, పొగతో ఊపిరితిత్తులు పాడవుతాయి. బూట్లు, చేతి తొడుగులు, నోటితో ఊదే పని లేని పొగ యంత్రాలు ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

వచ్చే సార్వాకు మందు పొట్లాలు పంచే ముందు, కృష్ణా జిల్లా వ్యవసాయ అధికారులు యానాదుల కాలనీలకు వెళ్లి ఈ పని తెలిసిన వారి జాబితా రాసుకోవాలి. ఎలుకకు ఎంత ఇస్తారో వారితో కూర్చుని ముందే తేల్చాలి.