మంచు లేని చలికాలం

ఈ సంచిక చలికాలపు ప్రయాణాలది. ఆల్ప్స్ పల్లెల్లో పొద్దున్నే స్కీయింగ్ చేసి, మధ్యాహ్నం వేడి భోజనానికి చేరేవాళ్లను చూస్తే ముచ్చటే. ఆ సుఖం మహారాష్ట్రలోని దుర్గాపూర్‌లోనూ ఉంది, మంచు ఒక్కటే తక్కువ.

చంద్రపూర్‌ను ఆనుకున్న ఈ ఊరంటే బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ. అయినా డిసెంబరు పొద్దుటిపూట స్వెట్టర్ తప్పదు. పద్మాపూర్ మీదుగా మోహర్లీ దారి పడితే పొగగొట్టాలు వెనకబడి టేకు చెట్లు మొదలవుతాయి. థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే ఇరాయి జలాశయం నీటిపక్షులకూ ఆధారం. మోహర్లీ నుంచి పులులుండే తాడోబా అడవిలోకి వెళ్లొచ్చు. అది 1955లో జాతీయ ఉద్యానమైంది.

సఫారీ అయ్యాక జొన్నరొట్టె, ఝుణకా అనే శనగపిండి కూర, పచ్చిమిర్చి ఠేచా. రొట్టె పెనం దిగీదిగగానే పై పొర చించి, వేళ్లు కాలుతున్నా ఝుణకా అద్దుకుని తినాలి. ఇంటి నుంచి మోసుకెళ్లిన ఆవకాయ సీసా మూత తీయాలనిపించదు (ఇలా రాసినందుకు ఇంట్లో అక్షింతలు ఖాయం). తిరిగొచ్చినవాళ్లను అందరూ పులి గురించే అడుగుతారు, భోజనం గురించి అడగరు. అన్యాయం!

మంగళవారం తాడోబాకు సెలవు. చూసుకుని బయల్దేరండి.