తీరికలేని వైద్యుడు

"డాక్టరుగారికి భోజనము చేయుటకైన తీరిక లేదండీ!" యని మన యిండ్లలో చెప్పుకొనునపుడు అది నింద గాదు, ప్రశంస. ఇదే మాట బస్సు నడపువానిగూర్చి చెప్పినయెడల మన మా బస్సెక్కుదుమా? రాత్రియంతయు మేలుకొని, తెల్లవాఱగనే మరల చక్రము పట్టినవానిని జూచి "ఎంత కష్టజీవి!" యని మెచ్చుకొని, పిల్లలతో గూడ వెనుక గూర్చుందుమా? నిశ్చయముగా దిగిపోవుదుము. చక్రము పట్టినవాని నిద్రనుగూర్చి యింత విచారము గల మనకు, మందుచీటీ వ్రాయువాని నిద్రనుగూర్చి యేల లేకపోయెను?

లోకము కూలివాని యలసటను ఏనాడో గుర్తించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికుని పనికి వారమునకు 48 గంటల హద్దు పెట్టెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవరునకు సామాన్యముగా దినమునకు 8 గంటలని నిర్ణయించెను. శిక్షణ పొందు యువవైద్యుల విషయమున సైతము విచారణ జరిగినది. 1984లో న్యూయార్కు నగరమున లిబ్బీ జయాన్ అను 18 ఏండ్ల విద్యార్థిని ఆసుపత్రిలో జేరిన కొలది గంటలకే మరణించెను. ఆమె తండ్రి పట్టువిడువక పోరాడగా, 1989లో ఆ రాష్ట్రము శిక్షణవైద్యుల పనిని వారమునకు 80 గంటలకు పరిమితము చేసెను. మన కేంద్రప్రభుత్వము 1992లో, సామాన్యముగా వారమునకు 48 గంటలనియు, ఒక్కపట్టున 12 గంటలకు మించరాదనియు తెలిపెను. అది యెంతవఱకు అమలునందున్నదో ఆ యువకుల కన్నులక్రింది నలుపును జూచినవా రెఱుగుదురు.

కాని వీరందఱును ఒకరిక్రింద పనిచేయువారు. సొంత ప్రాక్టీసు పెట్టుకొన్న వైద్యునకు యజమాని లేడు. గంటలు లెక్కించు అధికారి లేడు. అట్టివాడు దినమునకు 14 గంటలు కూర్చుండెననిన, అది యెవరో విధించినది గాదు, తాను కోరుకొన్నది. "వచ్చిన రోగిని పొమ్మనుట ధర్మమా?" యని యడుగుదురు. 2002లో భారత వైద్యమండలి చేసిన నియమావళిలో, ప్రాణాపాయవేళ పిలిచినవారికి పలుకవలయునని యున్నది. తక్కిన వేళల నెవరికి వైద్యము చేయుటయో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము వైద్యునకు గలదనియు నందే యున్నది. మూడునాళ్ళ జలుబుతో రాత్రి పదిగంటలకు వచ్చినవానిని రేపు రమ్మనుట అధర్మము గాదు.

రెండేండ్లక్రిందట మా తండ్రిగారిని మిక్కిలి పేరుగల యొక వైద్యునికడకు దీసికొనిపోయితిని. మాది 87వ టోకెను. సాయంకాలము 6 గంటలకు గూర్చుంటిమి. పిలుపు వచ్చుసరికి రాత్రి పదిన్నర. సల్ఫా మందు వారికి పడదనియు, పూర్వ మొకమాఱు ఒడలెల్ల పొక్కి ప్రాణముమీదికి వచ్చెననియు కాగితముల మొదటిపుటలోనే యెఱ్ఱసిరాతో వ్రాసియున్నది. వైద్యుడా పుటను త్రిప్పివేసెను. నేను చెప్పబోవుచుండగనే తలయూపెను. రెండు నిమిషములలో బయటనుంటిమి. "మాస్టారూ, నాన్నగారికి సల్ఫా పడదని మొన్న మీరేగా చెప్పారు, ఇది అదే కదండీ!" యని పట్టుకొన్నవాడు మందులషాపు కుఱ్ఱవాడు.

ఆ వైద్యుడు అజ్ఞాని గాడు. అంతకు ఏడేండ్లముందు మా తండ్రిగారిని న్యుమోనియానుండి బ్రతికించినవాడు. ఉదయము 7 గంటలకు రోగులను జూడ మొదలిడిన కన్నులు రాత్రి పదిన్నరకు ఎఱ్ఱసిరాను గాంచలేకపోయినవి; అంతియ. 17 గంటలు మేలుకొన్నవాని చురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యమున్నవాని చురుకుదనమువంటిదని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. ఉదయము 5 గంటలకు లేచినవానికి రాత్రి పదింటితో ఆ 17 నిండును. చరకసంహిత వైద్యునకు నాలుగు గుణములు చెప్పినది: నిర్మలమైన శాస్త్రజ్ఞానము, చికిత్సాకర్మను పెక్కుమాఱులు చూచిన యనుభవము, దక్షత, శౌచము. మొదటి రెండును ఎంత ప్రొద్దుపోయినను నిలిచియుండును. దక్షత నిలువదు, అది శరీరముతో గూడ అలయును.

బీదలకొఱకే యింత శ్రమ యందురు. 2017లో ప్రకటింపబడిన 67 దేశముల పరిశీలనయందు ప్రాథమిక వైద్యుడు రోగికిచ్చు కాలము స్వీడనున 22 నిమిషములకు మించగా, మన దేశమున సుమారు 2 నిమిషములు. ఆ రెండు నిమిషములలో మొదట నష్టపోవువాడు బీదవాడే. చదువుకొన్నవాడు తలుపుకడ నిలిచి రెండవప్రశ్న వేయును. బీదవాడు నమస్కరించి వెడలిపోవును.

మన పట్టణములలో క్రింద నర్సింగుహోము, మీద కాపురము అను కట్టడ మొకటి గలదు. భార్యాభర్తలిద్దఱును వైద్యులే. మెట్లు దిగిన ఆసుపత్రి, ఎక్కిన నిల్లు. పిల్లలు తల్లిని గాంచుటకు సైతము రోగుల వరుసను దాటుకొని రావలయును. అట్టి భవనముల పునాదులలో తఱచు అప్పుపత్రమో, కట్నపుసొమ్మో యుండును. 1961లోనే చట్టము నిషేధించిన కట్నము, వరుడు వైద్యుడగుసరికి "ఆసుపత్రి కట్టియిచ్చుట" యను మర్యాదపేరు దాల్చినది. మామగారి సొమ్మునకు, బ్యాంకు వడ్డీకి, స్కానింగు యంత్రపు వాయిదాకు బదులు చెప్పవలసినవాడు 30 మందితో తృప్తిపడునా? కావున వైద్యునకు దీరిక లేదని విలపించు మామలారా, ఆ తీరికను హరించినవారిలో మీరును ఉన్నారు!

ఇక మనము. గుంపున్నచోటనే హస్తవాసి గలదని నమ్ముదుము. వైద్యుడు నారాయణుడని సంస్కృతమున చెప్పితిమందుము. ఆ శ్లోకపుభావము వేఱు. శరీరము శిథిలమైనవానికి నారాయణుడే వైద్యుడని దాని తాత్పర్యము. దానిని తలక్రిందుచేసి, మనుష్యునకు దేవత్వ మంటగట్టి, దేవునకు నిద్రయేల యని యతనిని మేలుకొలుపుచున్నాము.

మా వీధిలో నొక డాక్టరమ్మగారు గలరు. పూటకు 15 మందిని మాత్రమే చూతురు. సాయంకాలము 7 గంటలకు తలుపు మూయుదురు. ఆయాసముతోనో రక్తస్రావముతోనో వచ్చినవారికి ఆ తలుపు ఏవేళనైనను తెఱచుకొనును. ఆమెకు మా వీధివా రిచ్చిన బిరుదు "గర్వి". పిల్లలపెంపకముకొఱకు వృత్తిని నిర్లక్ష్యము చేయుచున్నారనియు నందురు. పురుషుడే అట్లు చేసిన "నియమము గలవా" డందురేమో! మొన్న 16వ వాడుగా వచ్చిన యొక పెద్దమనిషి, రేపు రమ్మనగా గొణుగుకొనుచు వీధి దాటి, ఎదుటి యాసుపత్రికి పోయెను. అక్కడ దీపము పదకొండుగంటలవఱకు వెలుగుచునే యుండును. ఆయనకు 64వ టోకెను దొరికినది.