నాదం దారువులోనా? తీగచుట్టలోనా?

వేసవి సెలవులకు కొద్దిరోజుల ముందు ఒక సాయంకాలం ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు అధ్యాపకుల గదికి వచ్చాడు. వార్షికోత్సవంలో విద్యుత్ గిటారు వాయించి అందరి మెప్పు పొందినవాడు. తండ్రి వడ్రంగి. "మాస్టారూ! మహాగని కొయ్యతో చేసిన గిటారు ఒకటి చూశాను. అరవై వేల రూపాయలు. నాన్న అప్పు చేసైనా కొనిపెడతానంటున్నాడు. మీకు వీణల సంగతి తెలుసు కదా, ఒకమాట అడిగి రమ్మన్నాడు" అన్నాడు. ఉన్న గిటారుకు వచ్చిన లోపమేమిటని అడిగాను. "అది నాసిరకం చెక్క మాస్టారూ! చెక్క మంచిదైతేనే కదా నాదం మంచిదయ్యేది?" అన్నాడు.

నేను క్షణమైనా ఆలోచించకుండా "నిజమే నాయనా!" అన్నాను. అలా అనడానికి నా చదువే కారణం. మన ప్రాచీనులు మానవ దేహాన్ని గాత్రవీణ అన్నారు. కొయ్యతో చేసిన దానిని దారువీణ అన్నారు. వాద్యం పేరులోనే దారువు ఉన్నది. బొబ్బిలి ప్రాంతపు శిల్పులు ఒకే పనస మానును తొలిచి కుండ, దండి ఏకఖండంగా ఉండే ఏకాండి వీణను చేస్తారని మనమందరమూ గర్వంగా చెప్పుకొంటాము. ఇంత తెలిసినవాడిని గిటారు విషయంలో మాత్రం వేరే మాట ఎలా చెప్పగలను?

ఆ రాత్రి నా మాట నన్నే పట్టి పీడించింది. ఒక పేద కుటుంబం అప్పు చేయబోతున్నది. నేను చెప్పినది వీణను గురించి; వాడు అడిగినది విద్యుత్ గిటారును గురించి. రెండింటికీ తీగలున్నాయి, మెట్లున్నాయి, కొయ్య ఉన్నది. అంతమాత్రాన రెండూ ఒకే విధంగా పలుకుతాయా? మరునాడు ఆ విద్యార్థిని గిటారుతో సహా వెంటబెట్టుకొని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళాను. అక్కడి అధ్యాపకులు మా సందేహాన్ని విని చిరునవ్వు నవ్వి మూడు పరీక్షలు చేసి చూపారు.

మొదటిది: గిటారును యాంప్లిఫయరుకు కలిపి, తీగలను అరచేతితో అదిమిపట్టి, తీగల క్రింద ఉన్న పికప్ అనే పరికరం వద్ద నోరు పెట్టి గట్టిగా మాట్లాడమన్నారు. విద్యార్థి కేకలు వేశాడు. స్పీకరులో ఆ మాటలేవీ వినిపించలేదు. రెండవది: ఒక ఉక్కు తీగను విప్పి దాని స్థానంలో నైలాను తీగను బిగించి మీటారు. తీగ కదిలింది, క్రింద కొయ్యా అదిరింది. గిటారుకు చెవి ఆనిస్తే సన్నని ధ్వని వినిపించింది. స్పీకరు మాత్రం మౌనం వహించింది. మూడవది: అదే గిటారుపై ఉన్న చిన్న మీటను అటునుండి ఇటు జరిపారు. మొదట మెడ దగ్గరి పికప్, తరువాత తీగల చివర ఉన్న బ్రిడ్జి దగ్గరి పికప్ పనిచేశాయి. అదే చెక్క, అవే తీగలు, అదే చేయి. మొదటి నాదం గుండ్రంగా, గంభీరంగా ఉన్నది. రెండవది పదునుగా, కంచుగిన్నెను మీటినట్లుగా ఉన్నది.

ఈ మూడు పరీక్షల మర్మం ఒక్కటే. పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ కొన్నివేల చుట్లుగా చుట్టిన తలవెంట్రుక వంటి రాగితీగ ఉంటాయి. ఉక్కుతీగ ఆ అయస్కాంత క్షేత్రంలో కంపించినప్పుడు రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ స్వల్ప విద్యుత్తును యాంప్లిఫయరు పెంచుతుంది, స్పీకరు దానిని తిరిగి ధ్వనిగా మారుస్తుంది. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. కొయ్యలోని అదురును నేరుగా గ్రహించదు. అయస్కాంతానికి లొంగే లోహం తన ముందు కదిలితేనే అది పలుకుతుంది. నైలాను తీగ మూగబోయినది అందువల్లనే.

వీణ సంగతి ఇందుకు భిన్నమైనది. అక్కడ తీగ ఒంటరిగా కదిలించగల గాలి బహుస్వల్పం. ఆ కంపనం గుర్రం మీదుగా పై పలకకు, పలకనుండి కుండకు ప్రాకి, విశాలమైన ఆ కొయ్య గాలిని కదిలించినప్పుడే మన చెవికి నాదం చేరుతుంది. వీణలో కొయ్యయే కంఠం. పలక మందం మారినా, కొయ్య మారినా గొంతు మారుతుంది. బొబ్బిలి శిల్పి పనసమానును ఏరి ఏరి ఎంచుకోవడం కేవలం ఆచారం కాదు, శాస్త్రం.

విద్యుత్ గిటారు చరిత్రను చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 1930లలో అమెరికాలో వాద్యబృందాలు పెద్దవై, బాకాల హోరులో గిటారు వినబడకుండా పోయింది. జార్జ్ బోషాంప్ రూపకల్పనతో 1932లో విపణిలోకి వచ్చిన తొలి విద్యుత్ గిటారు శరీరం పోతపోసిన అల్యూమినియం! ఆకారాన్ని బట్టి జనం దానిని 'వేపుడు పెనం' అన్నారు. అనంతరం బోలు గిటార్లకు పికప్‌లు అమర్చారు. కాని స్పీకరునుండి వచ్చే ధ్వనికి ఆ పలుచని పలక అదిరి, ఆ అదురుకు తీగలు కదిలి, ఆ కదలిక మరల స్పీకరుకు చేరి భరింపరాని కూత పుట్టేది. దీనికి విరుగుడు వెదకిన లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగు అంగుళాల మందం గల పైన్ దుంగకు తీగలు, పికప్‌లు బిగించాడు. చూపరులకు గిటారులా కనిపించడం కోసం మాత్రమే దానికి ఇరుప్రక్కలా ఒక గిటారు శరీరాన్ని కోసి రెక్కలుగా అతికించాడు. గట్టిచెక్క గిటారు పుట్టినదే కొయ్య నోరు మూయించడానికన్నమాట! 1950లో గట్టిచెక్క గిటార్లను పెద్దయెత్తున తయారుచేయసాగిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే వృత్తినుండి వచ్చినవాడు. గిటారు వాయించడం రానివాడు.

అటుపై 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ రెండు తీగచుట్టలను జతపరచి గురగురమనే విద్యుత్ రొదను అణచే పికప్‌ను రూపొందించాడు. రొదతోపాటు నాదపు తీరూ మారింది. ఒంటిచుట్ట పికప్ గొంతు వేరు, జంటచుట్ట పికప్ గొంతు వేరు అని నేటికీ వాద్యకారులు సులభంగా గుర్తుపడతారు. 2021లో అమెరికాలోని నాష్‌విల్‌కు చెందిన వాద్యకారుడు జిమ్ లిల్ గిటారు శరీరాన్ని పూర్తిగా విసర్జించి, రెండు పనిబల్లల నడుమ తీగలు బిగించి, పికప్‌ను అదే దూరంలో, అదే ఎత్తులో నిలిపి వాయించి చూపాడు. విన్నవారికి అది గిటారు నాదంగానే తోచింది.

అయితే కొయ్యకు ఏ పాత్రా లేదనడం కూడా సత్యదూరమే. తీగ కొసలు బిగింపబడినది కొయ్యకే. పికప్ నిలిచినదీ కొయ్యమీదనే. కొయ్య అదిరినప్పుడల్లా తీగనుండి కొంత శక్తిని హరిస్తుంది. మెడ బలహీనమైనదైతే కొన్ని మెట్ల వద్ద స్వరం ఎక్కువసేపు నిలువక చప్పున ఆరిపోతుంది. ఆ మెట్లను వాద్యకారులు 'చచ్చిన చోట్లు' అంటారు. కొయ్య బరువును బట్టి, బిగువును బట్టి చేతికి కలిగే అనుభూతి మారుతుంది. దానిని బట్టి వాయించే తీరూ మారవచ్చు. ఇవన్నీ అంగీకరింపదగినవే. కాని వీటి ప్రభావం సూక్ష్మం. పికప్ రకం, అది ఉన్న స్థానం, యాంప్లిఫయరు, స్పీకరు కలిగించే మార్పు స్థూలం. స్థూలాన్ని విడిచి సూక్ష్మానికి అరవై వేలు పోయడం వివేకం కాదని నా అభిప్రాయం.

మరి ఇంతమంది కొయ్యనే ఎందుకు నమ్ముతారు? నేను నమ్మినట్లే నమ్ముతారు. తార్కికులు ఉపమానాన్ని ఒక ప్రమాణంగా అంగీకరించారు. కాని పోలిక ఉన్నంతమేరకే అది ప్రమాణం. వీణకూ విద్యుత్ గిటారుకూ రూపంలో పోలిక ఉన్నది. నాదం పుట్టే మార్గంలో లేదు. పోలిక లేనిచోటికి ఉపమానాన్ని ఈడ్చుకుపోవడమే నేను చేసిన పొరపాటు. కవిత్వంలో అలంకారమైనది తర్కంలో ఆభాసమైనది. పైగా కొయ్య కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. తీగచుట్ట మూతక్రింద దాగి ఉంటుంది. కనబడేదానికి వెలకట్టడం లోకరీతి.

ఈ నమ్మకానికి అడవులు కూడా మూల్యం చెల్లిస్తున్నాయి. రోజ్‌వుడ్ జాతి వృక్షాలు తరిగిపోతుండడంతో 2017 జనవరినుండి ఆ జాతి కలప అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణలు అమలులోకి వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించినా, ఆ నడుమ కొందరు గిటారు తయారీదారులు ఇతర కలపలకు మరలవలసి వచ్చింది. ఏ కొయ్యను ఎందుకు కోరుతున్నామో తెలిసి కోరడం మన బాధ్యత.

తెలుగువారికి దీనిని బోధించిన మహావాద్యకారుడు ఒకడున్నాడు. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్ చిన్ననాటనే విద్యుత్ మాండలిన్‌ను చేపట్టాడు. జంటలుగా ఉండే ఎనిమిది తీగలకు బదులు ఐదు ఒంటి తీగలను అమర్చుకొన్నాడు. మామూలు మాండలిన్‌లో స్వరం పుట్టగానే గిట్టుతుంది. గమకం సాగడానికి వ్యవధి చాలదు. విద్యుత్తు ఆ వ్యవధిని ఇచ్చింది. ఇది మన సంగీతానికి తగదన్నవారే తరువాత తలలూపారు. అయితే ఆ గమకాలు పుట్టినది తీగచుట్టలో కాదు, ఆయన వ్రేళ్ళలో. దారువా, విద్యుత్తా అని వాదించుకొనే మనం ఈ మూడవదానిని మరువరాదు.

విద్యార్థితో "నాయనా! నిన్నటి నా మాటను ఉపసంహరించుకొంటున్నాను. అప్పు వద్దు. కావాలంటే ఉన్న గిటారుకే మంచి పికప్ వేయించుకో" అన్నాను. వాడు కొంత చిన్నబుచ్చుకొన్నాడు. వారం తరువాత వాడి తండ్రి కనిపించి, అప్పు తప్పినందుకు సంతోషించి, కాసేపు ఆగి, "అయితే మాస్టారూ, అందులో మా కొయ్యపనికి విలువే లేదంటారా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను తాకింది. ఆయనకు ఇంగ్లండులోని ఒక తండ్రీకొడుకుల కథ చెప్పాను. 1963లో బ్రయాన్ మే అనే బాలుడు, కొనే స్తోమత లేక, తండ్రితో కలిసి ఇంటివద్దనే విద్యుత్ గిటారు తయారుచేయసాగాడు. పాత నిప్పుగూటి మహాగని దూలం మెడ అయింది. పాత బల్ల చెక్క కూడా అందులో చేరింది. పికప్‌లు మొదట తామే చుట్టుకొని, అవి తృప్తినివ్వక, తరువాత కొని అమర్చారు. ఆ గిటారుతోనే అతడు విశ్వవిఖ్యాతుడయ్యాడు. మెడ వంగకుండా, తీగ శ్రుతి తప్పకుండా, దశాబ్దాలు నిలిచేలా చేసినది ఆ కొయ్యపనియే. "విద్యుత్ గిటారులో కొయ్య పాడదండీ. పాడేదానిని నిలబెడుతుంది. నిలబెట్టే పని చిన్నది కాదు" అన్నాను.

ఆయన తల పంకించి, "అయితే మావాడికి ఒకటి నేనే చేసి చూస్తాను" అని వెళ్ళిపోయాడు.