గట్టున వేసిన రాయి

మాది మార్కాపురం దగ్గర మెట్ట పల్లె. మా చేలో పైరు కన్నా రాళ్లే ముందు మొలుస్తాయంటాడు మా నాయన. ఏటా ఎండాకాలం ఏరి గట్టున వేస్తాం. ఆ కుప్పలో వెస్టా ముక్క ఒకటుంటే? నవ్వకండి.

వెస్టా అంగారక, గురు గ్రహాల నడుమ తిరిగే గ్రహశకలం. అడ్డకొలత సుమారు 525 కిలోమీటర్లు. 1807లో ఓల్బర్స్ కనిపెట్టాడు. ఏనాడో మరో శకలం ఢీకొని దాని దక్షిణ ధ్రువం దగ్గర దాదాపు 500 కిలోమీటర్ల గుంట పడింది. 2011-12లో డాన్ నౌక దాన్ని దగ్గరి నుంచి చూసింది. అట్లాంటి దెబ్బలకు లేచిన ముక్కలే మనమీద రాలుతున్నాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన ఉల్కాశిల వేరే జాతిది. 1996 జూన్ 20న రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో పడ్డవి మాత్రం వెస్టా జాతి రాళ్లే. రెండు ముక్కలు, దాదాపు 42 కిలోలు. వాటిలో ఒకప్పుడు అల్యూమినియం-26 ఉండేదన్న ఆనవాలును అహమ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు పట్టుకుని 1999లో ప్రకటించారు. ఏడు లక్షల ఏళ్లకు సగమయ్యే ఆ పదార్థపు వేడికే అంత చిన్న గోళం కరిగి లావా పారి ఉండవచ్చునట! మనం అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఒకనాటి బురద. ఈ రాయి ఒకనాటి లావా.

ఇట్లాంటి రాళ్లకిప్పుడు బజారుంది. పలచగా కోసి గ్రాముల లెక్కన అమ్ముతారు, సరదా ఉన్నవాళ్లు అద్దాల పెట్టెలో దాచుకుంటారు. సరదాను నేను తప్పుపట్టను. కాని ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాయకుండా చేతులు మారిన రాయి సగం మూగది.

మన దేశంలో ఉల్కాశిలలను భద్రపరిచే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. మంచిదే. మరి దొరికించుకున్న రైతు మాటేమిటి? రాయి పక్కన అతని పేరుండాలి, చేతికి న్యాయమైన పైకం అందాలి. అది లేకుండా తెచ్చివ్వమంటే ఎవరిస్తారు? ఆఫీసర్లొస్తారంటే మా ఊళ్లో గట్టు రాయి సంగతి కూడా ఎవరూ నోరెత్తరు.

అందుకే మన కాలేజీలో ఒక బల్ల, ఒక త్రాసు, ఒక రిజిస్టరు పెట్టమని మాస్టార్లను అడుగుతున్నా. అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు. వెస్టా రాళ్లలో లోహరూపంలో ఇనుము బహు తక్కువ, అది అతుక్కోకపోవచ్చు. నిగనిగలాడే నల్లటి కాలిన పెంకు, విరిగినచోట లేత బూడిద రంగు - అవి చూడాలి.

ఈ సంగతులన్నీ ఇంట్లో చెప్పాను. సంక్రాంతికి వెళ్లేసరికి వసారాలో మూడు నల్లరాళ్లు గోనెపట్టా మీద పెట్టి ఉన్నాయి. మూడూ ఉత్త రాళ్లే. మా నాయన నాలుగోది వెతుకుతున్నాడు.