అందరి పరిచయమూ ఒక్కటే!

ఇంజినీరింగు కాలేజీల్లో మూడో ఏడాది రెండో సెమిస్టరు వచ్చిందంటే పిల్లలకు కొత్త పాఠం ఒకటి మొదలవుతుంది. అది సిలబస్‌లో ఉండదు, సెమిస్టరు పరీక్షలో రాదు. అయినా అసలు క్లాసులకు డుమ్మా కొట్టేవాళ్లు కూడా దీనికి ఠంచనుగా వస్తారు. దాన్ని సీఆర్టీ అంటారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు పిల్లల్ని తయారుచేసే శిక్షణ అది. అందులో మొదట నేర్పేది ‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్నకు జవాబు. పేరు, ఊరు, బ్రాంచి, సీజీపీఏ, బలం, బలహీనత, హాబీలు... వరస తప్పకూడదు. బలం ఏమిటంటే కష్టపడే తత్వం, నలుగురితో కలిసి పనిచేయడం. బలహీనత ఏమిటంటే పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టకపోవడం! హాబీలు పాటలు వినడం, క్రికెట్ ఆడటం.

శ్రీకాకుళం కుర్రాడైనా, ఆదిలాబాద్ అమ్మాయైనా ఇదే చెబుతారు. కాకపోతే ఊరి పేరు మారుతుంది. ఒక్క నిమిషంలో అన్నీ వచ్చేస్తాయి, ఆ చెప్పే మనిషి తప్ప.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మన పెద్దలు. ఇరవై ఏళ్ల పిల్లల్లో ఆ పుర్రెకో బుద్ధి బోలెడంత ఉంటుంది. కాస్త తవ్వితే దాని వెనకాల చిన్నప్పటి సంగతి ఒకటి బయటపడుతుంది. ఆ రెండింటినీ దాచిపెట్టుకోవడమే పెద్దరికమని మనం పిల్లలకు నేర్పుతున్నాం. ఈ వారం నా గొడవంతా దాని మీదే.

మా మేనకోడలు గుంటూరు వైపు ఒక కాలేజీలో ఈసీఈ చదువుతోంది. సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక వీధి గుమ్మం దగ్గర లైటు వెలిగింది. వెళ్లి చూస్తే చెప్పుల దగ్గర కూర్చుని ఉంది. జతలు కలిపి వరసగా పెడుతోందనుకున్నాను. కాదు. బోర్లా పడిన చెప్పును మాత్రం వేలితో పట్టి వెల్లకిలా తిప్పుతోంది. మిగతావి ఎంత చెల్లాచెదురుగా పడి ఉన్నా పట్టించుకోవడం లేదు. హాస్టల్లోనూ ఇదే వరసట. పడుకోబోయే ముందు కారిడార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి, ఏ గది ముందు చెప్పు తిరగబడి ఉన్నా సరిచేసి వస్తుందట. స్నేహితురాళ్లు ‘వాచ్‌మన్’ అని పేరు పెట్టారు.

‘ఎందుకే?’ అంటే, ‘ఏమో మావయ్యా, అలవాటైపోయింది’ అని నవ్వేసింది. కాసేపాగి తనే చెప్పింది. తను రెండో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ల నాన్నకూ బాబాయికీ పొలం పంపకాల దగ్గర తేడాలొచ్చాయి. చెప్పు తిరగబడితే ఇంట్లో తగువులొస్తాయని వాళ్ల నాయనమ్మ అంటుండేది. అప్పటి నుంచి ఈ పిల్ల పొద్దున్నే అందరికంటే ముందు లేచి వసారాలో చెప్పులన్నీ చూసి వచ్చేది. ‘అయినా గొడవలు జరిగాయి కదే!’ అన్నాను. ‘జరిగాయి. కానీ ఒక రోజు జరగలేదు మావయ్యా. ఆ రోజు నేనే ఆపాననుకున్నా’ అంది.

పెద్దవాళ్ల తగువు తీర్చే బాధ్యతను ఏడేళ్ల పిల్ల భుజాన వేసుకున్న కథ ఇది. ‘నలుగురితో కలిసి పనిచేస్తాను’ అని వల్లించే కంటే ఆ పిల్ల గురించి ఇదే ఎక్కువ చెబుతుంది. కానీ సీఆర్టీ క్లాసులో హాబీ ఏమిటని అడిగినప్పుడు సరదాగా ‘చెప్పులు సర్దడం’ అంటే క్లాసంతా నవ్విందట. ఇలాంటివి బయట చెప్పొద్దనీ, ‘పుస్తకాలు చదవడం’ అని రాసుకోమనీ ట్రైనరు సలహా ఇచ్చారట. మా మేనకోడలు టెక్స్టుబుక్కు తప్ప మరో పుస్తకం ముట్టిన పాపాన పోలేదు. ఉన్న నిజాన్ని కొట్టేసి లేని అబద్ధం రాయించడాన్ని శిక్షణ అనాలట!

ఏ హాస్టల్ మెస్‌లోనైనా ఒక పూట కూర్చుని చూడండి, ఇలాంటివి ఎన్నో కనిపిస్తాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడు గుడ్డును కంచం అంచున పెట్టుకుని, మజ్జిగన్నం కూడా అయ్యాక తింటాడు. ఊళ్లో సర్కారు బడిలో చదివేటప్పుడు మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డు తినకుండా, ఇంకా బడికి రాని చెల్లెలి కోసం జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవాడు. చెల్లెలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇతని చెయ్యి మాత్రం ఇంకా గుడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆగుతుంది. మరొకడికి అమ్మ పాత నూలు చీర తలగడ మీద లేకపోతే నిద్రపట్టదు. ఎవరైనా అడిగితే దుప్పటి అని బుకాయిస్తాడు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. వాసనకు జ్ఞాపకంతో దగ్గరి చుట్టరికం ఉంది. చూపు, వినికిడి సమాచారం మెదడులో ముందు థాలమస్‌కు చేరి, అక్కడి నుంచి ముందుకు వెళుతుంది. వాసనది అడ్డదారి. అక్కడ ఆగకుండానే అది భావోద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే అమిగ్డలా, హిప్పోక్యాంపస్‌ల వైపు చేరిపోతుంది. అమ్మ చీర వాసనకు అంత బలం అందుకే.

‘మీకేం బాల్యం ఉందిరా, ఫోన్లు తప్ప’ అని మా వయసువాళ్లం ఈ పిల్లల్ని తీసిపారేస్తుంటాం. గోలీలు, ఏడుపెంకులు, కోతికొమ్మచ్చి ఆడితేనే బాల్యమని మనకో లెక్క. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు 2005, 2006 ప్రాంతాల్లో పుట్టారు. వాళ్లు అన్నం తింటూ చూసిన ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లో తయారై 2008లో టీవీకెక్కింది. మూడో క్లాసులోనో నాలుగో క్లాసులోనో ఉండగా, 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. నేర్చుకున్న మ్యాపును మళ్లీ కొత్తగా గీయాల్సి వచ్చిన పిల్లలు వీళ్లు. పదో తరగతికి వచ్చేసరికి కరోనా. 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి. జీవితంలో మొదటి పెద్ద పరీక్ష రాయకుండానే పాసైపోయిన బ్యాచ్ ఇది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని లెక్కల క్లాసు విన్న సంగతి వీళ్లు తప్ప ఇంకో తరం చెప్పలేదు. ఇంత ఉన్నాక బాల్యం లేదనడం ఏం న్యాయం?

బాల్యం లేకపోవడం కాదు, దాని గురించి అడిగే నాథుడు లేకపోవడమే అసలు సమస్య.

జ్ఞాపకాల మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పే మాట ఒకటుంది. పెద్దయ్యాక చాలామందికి సుమారు మూడు, మూడున్నరేళ్ల వయసుకు ముందు జరిగినవేవీ గుర్తుండవు. ఫ్రాయిడ్ కాలం నుంచీ దీని మీద చర్చ నడుస్తోంది. అయితే ఈ హద్దు అందరికీ ఒక్కచోటే ఉండదు. న్యూజిలాండ్‌లో 2000 సంవత్సరంలో వచ్చిన ఒక అధ్యయనంలో, అక్కడి మావోరీలకు సగటున మూడేళ్లు నిండకముందు సంగతులే గుర్తున్నట్టు తేలింది. అదే దేశంలోని ఐరోపా సంతతి వాళ్లకంటే ఇది ముందు. మావోరీల ఇళ్లల్లో గతాన్ని చెప్పుకోవడం ఒక సంప్రదాయం కావడమే అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తల్లులూ పిల్లలూ మాట్లాడుకునే మాటల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ‘నిన్న జాతరలో ఏం చూశావు, అప్పుడు నీకేమనిపించింది, తర్వాత ఏమైంది’ అని గుచ్చిగుచ్చి అడిగే తల్లుల పిల్లలు, జరిగింది వివరంగా గుర్తుపెట్టుకుని చెప్పగలుగుతారని వాళ్లు గమనించారు.

అంటే జ్ఞాపకం దానంతటది నిలవ ఉండదు. ఆవకాయను మూడో రోజు అడుగు నుంచి కలియబెట్టినట్టు, దాన్నీ అప్పుడప్పుడు మాటల్లో తిరగెయ్యాలి. పూర్వం ఆ పని నాయనమ్మలూ అమ్మమ్మలూ చేసేవారు. ‘నువ్వు నాలుగేళ్లప్పుడు తిరనాళ్లలో తప్పిపోయావురా’ అని పండక్కి వచ్చిన ప్రతి చుట్టం ముందూ చెప్పేవారు. వాడు సిగ్గుతో చచ్చేవాడు గానీ, ఆ తిరనాళ్లు మాత్రం వాడికి చచ్చేదాకా గుర్తుండేవి.

ఇప్పుడు ఆరో తరగతి నుంచే రెసిడెన్షియల్. ఫౌండేషన్ కోర్సు, తెల్లవారుజామున స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు. ఇంటి నుంచి ఫోను రావడమే ఎప్పుడో ఒకసారి. ఆ కాసేపట్లో ‘తిన్నావా, ఎన్ని మార్కులొచ్చాయి, ర్యాంకెంత’ అని మూడు ప్రశ్నలయ్యేసరికి వెనకాల లైన్లో ఉన్నవాడు తొందరపెడతాడు. ఇలా ఏడేళ్లు గడిచాక, ‘మీ గురించి చెప్పండి’ అంటే ఆ పిల్లాడికి ర్యాంకు తప్ప ఏం గుర్తొస్తుంది? పాపం, ట్రైనరు ఇచ్చిన కాగితమే దిక్కు.

చిన్ననాటి సంగతులు ఎందుకూ పనికిరావనుకునే వాళ్లకు మన పుస్తకాలే జవాబు చెబుతాయి. ముళ్లపూడి వెంకటరమణ ఒక అల్లరి పిల్లాడి వింత బుద్ధులన్నీ పోగేసి ‘బుడుగు’ రాస్తే, బాపు బొమ్మలతో అది తరాలు దాటి బతికింది. నామిని సుబ్రమణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లెలో తన చిన్నతనాన్ని ఆ ఊరి యాసలోనే ‘సినబ్బ కతలు’గా చెప్పాడు. మహమ్మద్ ఖదీర్‌బాబు నెల్లూరు జిల్లాలో తను పెరిగిన ముస్లిం ఇంటి సంగతులతో ‘దర్గామిట్ట కతలు’ రాశాడు. వీళ్లెవరూ తమ బాల్యాన్ని నలుగురికీ నచ్చేలా ఇస్త్రీ చేయలేదు. అందులోని లేమినీ, అల్లరినీ, యాసనూ ఉన్నదున్నట్టు పెట్టారు. అందుకే చదివినవాళ్లంతా అవి తమ ఇంటి సంగతులే అనుకున్నారు.

ఇంటర్వ్యూలో చెప్పుల కథలు చెబితే ఉద్యోగం ఇస్తారా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లక్షల్లో ఫీజు కట్టిన తండ్రికి ఆ భయం ఉంటుంది. ఇంటర్వ్యూకు వెళ్లి బాల్యమంతా ఏకరువు పెట్టమని నేననడం లేదు. కోడింగ్ రాకపోతే ఏ కథా ఆదుకోదు. కానీ ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి పొద్దున్నుంచీ అదే కష్టపడే తత్వం గురించి విని విసిగిపోయి ఉంటాడు. అందులో సొంత మాట ఒక్కటి వినిపిస్తే తలెత్తి చూస్తాడు, ఇంకో ప్రశ్న అడుగుతాడు. వల్లించినవాడు ఆ రెండో ప్రశ్నకే నీళ్లు నములుతాడు. సొంత సంగతి చెప్పినవాడికి తడుముకోవాల్సిన పని ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అన్ని అలవాట్లూ ముచ్చటైనవి కావు. చేతులు గంటల తరబడి కడుక్కోవడం, తాళం వేశామా లేదా అని పదేపదే వెనక్కి వెళ్లడం, ఆ పని చేయకపోతే కీడు జరుగుతుందన్న భయంతో క్లాసులు కూడా మానేయడం లాంటివి ఉంటే దాన్ని సరదాగా తీసుకోకూడదు, గేలి చేయకూడదు. మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అలవాటు మన చెప్పుచేతల్లో ఉన్నంతవరకు ఫరవాలేదు. మనమే దాని చెప్పుచేతల్లోకి వెళ్లినప్పుడు సాయం కావాలి.

కాలేజీలు చేయగలిగింది చాలానే ఉంది. కొత్తగా చేరిన ఇంజినీరింగు విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టాలని ఏఐసీటీఈ చెబుతోంది. చాలాచోట్ల అది ఛైర్మన్‌గారి ఉపన్యాసం, డీన్‌గారి స్లైడ్లు, గ్రూప్ ఫొటోతో ముగుస్తోంది. అందులో ఒక్క పూట పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, తమకు బాగా గుర్తున్న చిన్నప్పటి సంగతి ఒకటి తెలుగులోనే చెప్పమనండి. ఖర్చేమీ లేదు. ఎదుటివాడి అలవాటు వెనక కథ తెలిస్తే వాడిని వెక్కిరించడానికి నోరు రాదు. ర్యాగింగ్ మీద గోడలకు అంటించే పోస్టర్ల కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఇక మిగిలింది తల్లిదండ్రులు. ఈ ఆదివారం హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు సీజీపీఏ సంగతి ఆఖర్న అడగండి. ముందు, ‘చిన్నప్పుడు మన ఇంట్లో జరిగినవాటిలో నీకు బాగా గుర్తున్నదేంటి నాన్నా?’ అని అడగండి. మొదటిసారి ‘ఏమో’ అంటారు. ఫోను పెట్టేయకుండా, ఇంకోసారి అడగండి.