పాత బండ్లకు ఒక్క బంకైనా మిగల్చండి

దసరా దగ్గరపడితే కల్వకుర్తిలో నా మెకానిక్ షెడ్డు ముందు వలసపోయి వచ్చినోళ్ల బండ్లు వరుస కడతాయి. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయేటప్పుడు బండిని వసారాలో పెట్టి, మీద పాత చీర కప్పి పోతారు. పండుగకు వచ్చి కిక్కు కొడితే లేవదు. లేచినా చోకు గుంజి పెడితేనే నడుస్తుంది, చోకు దించగానే బందవుతుంది. "అన్నా, స్లో నిలుస్తలేదు, ఆ స్క్రూ జర టైట్ చెయ్యి" అంటారు.

ఆ స్క్రూ చేసేది యాక్సిలేటర్‌ను కొద్దిగా ఎత్తి పట్టడం, అంతే. బండి కాసేపు నిలుస్తుంది, రోగం అట్లనే ఉంటుంది. స్లోలో, అంటే బండి ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు, పెట్రోలు అందించేది కార్బొరేటర్‌లోని స్లో జెట్టు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నెలల తరబడి కార్బొరేటర్ కింది ఫ్లోట్ గిన్నెలో నిలిచిన పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది. అది మొదట పూడ్చేది ఈ రంధ్రాన్నే. మెయిన్ జెట్టు దానికంటే పెద్దది కనుక రోడ్డెక్కితే బండి బాగానే ఉరుకుతుంది, చౌరస్తాలో ఆపగానే చల్లబడుతుంది. ఈ లక్షణం ఉంటే గిన్నె విప్పి, జెట్టు తీసి, వెలుతురుకు పట్టి చూడాలి. గుండ్రని చుక్క వెలుగు కనబడాలి. కనబడకపోతే క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి. స్టీలు తీగతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ జెట్టు పారేయాల్సిందే.

అయితే స్లో నిలవని ప్రతి బండికీ తప్పు కార్బొరేటర్‌లో ఉండదు. పత్తి ఏరే రోజుల్లో చేన్ల బాటల్లో తిరిగే బండ్లకు, మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర తిరిగే బండ్లకు ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నల్లగొండ ఎండలకు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు పగులుతుంది. ఆ సందు నుంచి దొంగ గాలి పోతే ఏ స్క్రూ తిప్పినా ఫలితం ఉండదు. బండి నడుస్తుండగా ఆ అతుకు మీద కొన్ని నీళ్లు చల్లండి, శబ్దం మారితే దొంగ దొరికినట్టే. కొంత దూరం పోయి ఆగిపోయి, ట్యాంకు మూత తీసి పెట్టగానే మళ్లీ లేస్తే మూతలోని గాలి రంధ్రం పూడింది. ట్యాపెట్లు బిగుసుకున్నా వేడెక్కినాక స్లో పోతుంది. ఇవేవీ చూడకుండా "కార్బొరేటర్ పోయింది, కొత్తది వెయ్యాలె" అని చెప్పే మెకానిక్‌ల మీద నాకు కోపం. ఆ కొత్త కార్బొరేటర్‌కు పోయేది పాలు పోసుకొని బతికే మనిషి సంపాదన.

గాలి-పెట్రోలు కలయిక సరిచేసే స్క్రూ వేరే ఉంటుంది. అది ఫిల్టర్ వైపు ఉంటే గాలిని, ఇంజను వైపు ఉంటే పెట్రోలును అదుపు చేస్తుంది. మొదటిదాన్ని లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, రెండోదాన్ని బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇది తెలియకుండా తిప్పితే ఉన్న స్లో కూడా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మధ్య జెట్టు శుభ్రంగా ఉన్నా, రబ్బరు బాగున్నా స్లో తడబడే పాత బండ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నాయి. గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి, నీటి బొట్లు. నీడిల్ కూర్చోక కారే పెట్రోలు, ఉబ్బిన రబ్బరు వాషర్లు. బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అంటే ఈ20. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. అక్కడి నుంచి నేరుగా గిన్నెలోకి.

లెక్క కూడా మారుతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. 20 శాతం కలిస్తే అది పదమూడున్నర దరిదాపుల్లోకి వస్తుంది. అంటే పాత జెట్టు పోసే పెట్రోలు చాలదు, ఇంజను ఆకలితో నడుస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినాక తయారైన ఇంజెక్షన్ బండ్లు సెన్సర్‌తో చూసుకొని తమంతట తామే సర్దుకుంటాయి. హీరో హోండా సీడీ 100కు, పాత స్ప్లెండర్‌కు, ఆర్‌ఎక్స్ 100కు ఆ తెలివి లేదు. కలయిక స్క్రూను పావు చుట్టు అటో ఇటో సర్ది స్లో నిలబెట్టగలను. వాషర్లను, ట్యాంకును మాత్రం స్క్రూతో కాపాడలేను.

ఇది ఢిల్లీకి తెలియని సంగతేం కాదు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లోనే, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దిన ద్విచక్ర వాహనాలకు ఈ20తో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని ఉంది. పాత వాహనాల కోసం 10 శాతం పెట్రోలు, అంటే ఈ10, అందుబాటులో ఉంచాలనీ ఉంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. నేను అంత కూడా అడగడం లేదు. ఆ రోడ్‌మ్యాప్ చెప్పిన ఈ10 అడుగుతున్నాను.

ఇథనాల్‌కు నేను వ్యతిరేకిని కాను. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొనే దేశం ఇంకో దారి వెతకడం న్యాయమే. కానీ ఆ దారి బరువు ఎవరి మీద పడుతోంది? నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు కొట్లాడారు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలోనూ అదే జరిగింది. తమ నీళ్లు, గాలి పాడవుతాయని వాళ్ల భయం. ఫ్యాక్టరీ భయమూ మన ఊళ్లకే, ఆగిపోయే బండీ మన ఊళ్లకే.

పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసి, ఇంకో ఐదేళ్లు నడపొచ్చని ప్రభుత్వమే కాగితం ఇస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి మోటార్ సైకిల్‌కు ఆ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది. ఫీజు తీసుకొని నడపమన్నవాళ్లు ఆ బండికి సరిపడే పెట్రోలు కూడా చూపించాలి. డిండి వైపు నుంచి పాల క్యాన్లతో వచ్చే ఒక పెద్దాయన అడిగాడు: "తమ్మీ, బండి మంచిదేనని కాయిదం ఇచ్చిండ్రు గదా, మరి పెట్రోలెందుకు పడ్తలేదు?" నేను గిన్నె కడిగి ఇచ్చాను. ఆయన అడిగినదానికి జవాబు చెప్పాల్సింది చమురు కంపెనీలు, పెట్రోలియం శాఖ.

కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తి, దేవరకొండ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో ఒక్కో బంకులోనైనా ఒక గొట్టం ఈ10కు కేటాయించాలి. ప్రతి గొట్టం మీదా ఇథనాల్ శాతం తెలుగులో, దూరం నుంచి కనబడేటట్టు రాయాలి. బండ్ల కంపెనీలు పాత మోడళ్లకు ఈ20ని తట్టుకునే రబ్బరు సామాన్ల కిట్లు తయారుచేసి మండల కేంద్రాల దాకా పంపాలి. అప్పటిదాకా, పండుగ చేసుకొని మళ్లీ పనికి పోయేవాళ్లు బండి మీద చీర కప్పేముందు పెట్రోల్ కాక్ మూసి, గిన్నె కింది స్క్రూ విప్పి అందులోని పెట్రోలు సీసాలోకి దించి పోండి.