మెదడు దానము

కార్తిక మాసము చివర కారంపూడిలో వీరుల యుత్సవము జరుగును. 12వ శతాబ్దమున నాగులేటి యొడ్డున కూలిన వీరుల పేర పూజలందు నాయుధములను వీరాచారవంతులు నేటికిని దూరగ్రామములనుండి భక్తితో మోసికొని వత్తురు. మృతుల స్మృతిని ఇన్ని తరములు కాపాడిన యీ సీమవారిని, మరణానంతరము మీ మెదడును శాస్త్రమునకిండని కోరుట సాహసమని కొందరనవచ్చును. మా యభిప్రాయము వేరు. మృతులు బ్రతికియున్నవారికి ఏదో యొక విధమున తోడ్పడుదురను భావము పలనాటివారికి క్రొత్తది కాదు.

ఇంటింట పెద్దలున్నారు. డెబ్బదియేండ్లు దాటిన తండ్రి తన పొలముగట్టు తానే మరచును. కొడుకును చూచి ఎవరవని యడుగును. మనము దానికి చాదస్తమని పేరుపెట్టి యూరకుందుము. అట్టి మతిమరపు మెదడునకు పట్టిన వ్యాధి కావచ్చునని 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ చూపెను. రోగిణి మరణించిన పిదప ఆమె మెదడు ఆయనకు దొరకుటచేతనే యది సాధ్యమైనది. జీవించియుండగనే చేయదగిన పరీక్షలు నేడనేకము వచ్చినను, ఆ వ్యాధి విషయమున తుదిమాట చెప్పునది మరణానంతర పరీక్షయే.

కాని మెదడు చేత నున్నంత మాత్రమున లోపలిది కానరాదు. దానిలో నీరును కొవ్వును ప్రక్కప్రక్కన నున్నవి. వెలుతురు ఒకదానిలో నొకతీరున, రెండవదానిలో వేరొకతీరున వంగి, అడుగడుగున చెదరిపోవును. అందుచే మనకు తెల్లని ముద్ద మాత్రమే కనబడును. కాగితమునకు నూనె రాచినచో ఆవలి యక్షరములు కనబడుట మన పిల్లలెరిగినదే. నారల నడుమనున్న గాలి స్థానమున నూనె చేరుటచే వెలుతురు చెదరుట తగ్గును. ఈ సూత్రముతోనే లైప్సిగు పండితుడు స్పాల్తెహోల్ట్స్ 20వ శతాబ్దారంభమున శరీరభాగములను గాజువలె చేసి చూపెను. అయితే మెదడును చదువుటకు పండితులు చిరకాలము కత్తినే నమ్ముకొనిరి. గాల్జీ, కహాల్ అను నిరువురు మెదడును పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, నాడీకణముల యాకృతిని చూపి 1906లో నోబెల్ బహుమతి నందిరి. కాని పొరలుగా కోసిన మెదడు త్రాడు తెగిన తాటాకు గ్రంథము వంటిది. ఏ యాకు తరువాత ఏది యని కూర్చుకొనవలెను. చినిగినచోట అర్థము పోవును.

2013లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డైసరాతు, చుంగు మొదలగువారు క్లారిటీ యను పద్ధతిని ప్రకటించిరి. ఎలుక మెదడునకు జిగురు ద్రవమును పట్టించి వెచ్చజేయగా నది లోపల వలవలె గట్టిపడి, మాంసకృత్తులను కదలకుండ పట్టుకొనెను. పిమ్మట సబ్బువంటి ద్రావకముతో కొవ్వును కడిగివేసిరి. రూపము చెడలేదు, ముద్ద స్ఫటికమైనది. ఇట్లు స్వచ్ఛమైన మెదడునకు మెరయు రంగులు పట్టించి, రేకువలె పలుచనైన వెలుతురును ప్రక్కనుండి ప్రసరింపజేసి, ఒక్కొక్క తలమును చిత్రించి కంప్యూటరుచే కూర్చినచో, కత్తి తగులకుండనే మెదడంతయు మూడు కొలతలలో కన్నులయెదుట నిలుచును. లోపములు లేకపోలేదు. కొన్ని ద్రావకములవలన మెదడు కుంచించుకొనిపోవును, కొన్నిటివలన ఉబ్బును. కొవ్వుతోపాటు నాడీతంతువులమీది కొవ్వుతొడుగు సైతము కొట్టుకొనిపోవును.

ఆ 2013 నాటి పరిశోధనలోనే మాకు మిక్కిలి ముఖ్యమని తోచిన సంగతి యొకటి కలదు. ఆటిజముగల యొక బాలుడు గతింపగా, అతని మెదడులోని భాగము ఆరేండ్లకు పైగా ఫార్మలిన్‌లో నిలువయుండెను. దానిని ఈ విద్యచే స్వచ్ఛమొనర్చి లోపలి నాడీకణముల శాఖలను చూడగలిగిరి. ఆ మెదడు భాండాగారము చేరిన నాటికి ఈ విద్య పుట్టనేలేదు! ఇచ్చినవారు ఏమి యాశించి యిచ్చిరో మన మెరుగము; వారి దానము మాత్రము వ్యర్థము కాలేదు.

మన దేశపు మాటకు వత్తము. ఎలుక మెదడున నాడీకణములు సుమారు 7 కోట్లు. మనుష్యుని మెదడున సుమారు 8,600 కోట్లు. అంతటి దానిని సంపూర్ణముగా స్వచ్ఛమొనర్చి కణకణమును చూచుట ఇంకను దుస్సాధ్యము. కావున చెన్నపురి ఐ.ఐ.టి.లో 2022లో నెలకొన్న సుధా గోపాలకృష్ణన్ మస్తిష్క కేంద్రమువారు వెనుకటి కోతపద్ధతినే నూతన యంత్రములతో చేపట్టిరి. 14 మొదలు 24 వారముల వరకు గల గర్భస్థ పిండముల అయిదు మెదళ్లను వెండ్రుకకంటె సన్నని పొరలుగా కోసి, 5,132 పొరలను చిత్రించి, ధరణి యను పేర 2024 డిసెంబరులో లోకమునకు ఉచితముగా నిచ్చిరి. తరచుగా పాశ్చాత్యులు గీచిన పటములనే చూచి నేర్చికొనుచు వచ్చిన మనకిది గర్వకారణమే. కాని మెదడునిచ్చు గృహస్థులు లేనిచో ఎంత గొప్ప యంత్రమైనను చేయునదేమి?

బెంగుళూరు నిమ్‌హాన్సులో 1995 నుండి మానవ మస్తిష్క భాండాగారము కలదు. మరణించిన కొలది గంటలలోనే మెదడును తీసి, కొంత ఫార్మలిన్‌లోను కొంత గడ్డకట్టించియు భద్రపరుపవలెను. కారంపూడిలో ప్రాణము పోయినచో బెంగుళూరునకు రాత్రియంతయు ప్రయాణము. ఆలోగా కాలము మించిపోవును. 1946లో స్థాపితమైన గుంటూరు వైద్యకళాశాలలో మెదడును స్వీకరించి, భద్రపరచి, బెంగుళూరునకో చెన్నపురికో పంపు ఏర్పాటు చేయవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. ఒక శీతలయంత్రము, పని నేర్చిన వైద్యుడొకడు, రాత్రిళ్లు సైతము పలుకు టెలిఫోను: ఇవి కోట్ల వ్యయమగు కోరికలు కావు.

శవమును కోయుదురనిన ఇండ్లలో భయము సహజము. ముఖము చెడదు, కోత జుట్టు మాటున నుండును, దహనమునకు ఆటంకము లేదు. నేత్రదానమునకును మొదట ఇట్టి జంకే యుండెను; నేడు చదువురాని వారుకూడ తమవారి కన్నుల నిచ్చుచున్నారు. అయితే కన్ను పొందినవాడు లోకమును చూడగలుగును. మెదడు విషయమున అట్టి సంతృప్తి లేదు. ఫలము ఎప్పుడు వచ్చునో, ఎవరికి వచ్చునో దాతకు తెలియదు. ఈ సంగతిని దాచకుండ ముందుగనే చెప్పవలెను.

మరియొక మాట. సమ్మతిపత్రము తెలుగున నుండవలెను. మనుష్యుడు తెలివితో నున్నప్పుడే ఇంట కూర్చుండి కుటుంబముతో మాటలాడి సంతకము చేయునట్లుండవలెను. శవము ప్రక్కన నిలిచిన కొడుకు చేతికి ఇంగ్లీషు కాగితమిచ్చి ఇచ్చట సంతకము పెట్టుమనుట మర్యాద కాదు.